పెళ్లి రోజు ఫోటోలకి టైం ఎప్పుడు పెట్టుకోవాలి: తంతుకి ముందా, తర్వాతా, సాయంత్రమా, ఇంకో రోజా?

పెళ్లి కుదరగానే అందరూ ముందు వెతికేది ఫోటోగ్రాఫర్ని. ఆల్బమ్‌లు చూస్తారు, ఎవరి కలర్స్ బాగున్నాయి, ఎవరు డ్రోన్ తెస్తారు, ఎవరు ఎన్ని ఫోటోలు ఇస్తారు అని వారాల తరబడి పోల్చుకుంటారు. ఆ రోజు ఫోటోలకి టైం ఎక్కడుంది అని మాత్రం ఎవ్వరూ అడగరు, "అప్పుడు చూస్కుందాంలే" అంటారు. నేను చాలా పెళ్లిళ్లకి కెమెరా పట్టుకుని నిలబడ్డాను, మొదట్లో సెకండ్ కెమెరాగా, తర్వాత మెయిన్‌గా. ఫోటోలు అనుకున్నట్టు రాలేదని బాధపడ్డ జంటల్లో చాలామందికి మంచి ఫోటోగ్రాఫరే దొరికాడు, దొరకనిది టైం.

ఒక పెళ్లి గుర్తొస్తే ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది. తంతు అయ్యాక జంట ఫోటోలకి గంట పెట్టుకున్నారు, వేదిక వెనకాలే చెరువు, సాయంత్రం ఎండ, అన్నీ కుదిరాయి. తంతు గంటా ఇరవై నిమిషాలు లేటయింది. మేము బయటికి వచ్చేసరికి చెరువు నల్లగా ఉంది. ఆ అమ్మాయి "పర్లేదులెండి" అంది, అంటూనే ఇంకోసారి చెరువు వైపు చూసింది. అప్పట్నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, ముందు ఫోటోల టైం తేల్చుకోండి, ప్యాకేజీ సంగతి తర్వాత.

తంతు జరుగుతుంటే తీసేవి, రిసెప్షన్లో తీసేవి ఎలాగూ వస్తాయి, వాటి టైం మన చేతిలో ఉండదు. మనం ఎంచుకోగలిగేది నిలబెట్టి తీసే ఫోటోల టైం, అంటే జంట ఫోటోలు, కుటుంబాల గ్రూప్ ఫోటోలు. దీనికి నాలుగు దారులున్నాయి. వాటిలోకి వెళ్లేముందు దేన్ని బట్టి పోల్చాలో చూద్దాం, ఎందుకంటే ఇది తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

వెలుగు. అన్నిటికన్నా పెద్దది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. నడినెత్తిన ఎండ ఉంటే కళ్లకింద, ముక్కుకింద గట్టి నీడలు పడతాయి, అందరూ కళ్లు చికిలించి నిలబడతారు. సూర్యుడు బాగా కిందకి దిగాక, అంటే దిగంతానికి సుమారు 6 డిగ్రీల ఎత్తుకి వచ్చాక, వెలుగు మెత్తబడి బంగారు రంగులోకి వస్తుంది, గోల్డెన్ అవర్ అనేది దీన్నే. పేరుకి అవర్ కానీ అన్ని చోట్లా గంట ఉండదు. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు కాబట్టి ఆ 6 డిగ్రీలు దిగడానికి 24 నిమిషాలే పడుతుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏటవాలుగా దిగుతాడు కాబట్టి రాత్రీ పగలూ సమానంగా ఉండే రోజుల్లో కూడా దాదాపు 48 నిమిషాలు పడుతుంది. అందుకే ఎక్కడో చలిదేశంలో తీసిన ఫోటోలు చూసి "మాకూ గంటసేపు ఇలాగే కావాలి" అనుకునేముందు మీ పెళ్లి జరిగే ఊళ్లో ఆ తేదీకి సూర్యాస్తమయం ఎన్నింటికో చూడండి. ఫోటోపిల్స్ లాంటి యాప్‌లో తేదీ, చోటు పెడితే సూర్యుడు ఏ వైపు ఎంత ఎత్తులో ఉంటాడో కూడా చూపిస్తుంది. ఇంకో సంగతి, పశ్చిమం వైపు కొండో పెద్ద బిల్డింగో ఉంటే మీకు సూర్యుడు యాప్ చెప్పిన టైం కన్నా ముందే మాయమవుతాడు, కుదిరితే పెళ్లికి వారం ముందు అదే టైంకి అక్కడికి వెళ్లి ఒక్కసారి నిలబడి చూడండి, ఏ యాపూ దీనికి సాటి రాదు.

వెలుగు విషయంలో చాలామందికి తెలియని ముక్క ఒకటి ఉంది. జంట ఫోటోకి తక్కువ వెలుగు సరిపోతుంది, గ్రూప్ ఫోటోకి సరిపోదు. ఇద్దరే ఉంటే లెన్స్ బాగా తెరిచి, ఎఫ్ 2 దగ్గర పెట్టి (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు) చీకటి పడుతున్నా తీసేయొచ్చు, ఇద్దరూ ఒకే దూరంలో ఉంటారు కాబట్టి ఇద్దరి మొహాలూ షార్ప్‌గా ఉంటాయి. మూడు వరసల్లో ఇరవై మంది నిలబడితే అందరి మొహాలూ ఫోకస్‌లో ఉండాలంటే లెన్స్ ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 8 దాకా మూయాలి, మూస్తే లోపలికి వచ్చే వెలుగు పడిపోతుంది. ఫ్లాష్ వేస్తే సరిపోతుంది కదా అంటారు, కానీ ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకి పడిపోతుంది, ఫ్లాష్ దగ్గరగా పెడితే ముందు వరస తెల్లగా వెనక వరస మసగ్గా వస్తుంది. అందుకే ఏ దారి ఎంచుకున్నా గ్రూపులు ముందు, జంట తర్వాత, వెలుగు తగ్గే కొద్దీ మనుషుల సంఖ్య కూడా తగ్గాలి.

టైం లెక్క. ఒక్కో గ్రూప్‌కి మూడు నిమిషాలు వేసుకోండి. ఫోటో తీయడానికి అర నిమిషం కూడా పట్టదు, మిగతాదంతా మనుషుల్ని పిలవడం, నిలబెట్టడం, పొట్టివాళ్లని ముందుకి తేవడం, "పెదనాన్న ఎక్కడ" అని వెతకడం. 15 గ్రూపులంటే 45 నిమిషాలు, 25 అంటే గంటంపావు. పైగా ఒక్కో గ్రూప్‌కి ఒక్క ఫోటో చాలదు, ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. దీనికి ఆస్ట్రేలియాలో సిఎస్ఐఆర్ఓ అనే పరిశోధన సంస్థలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ లెక్కకట్టి ఒక సూత్రం చెప్పారు, 2006లో వాళ్లకి ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి) కూడా వచ్చింది. ఇరవై మంది లోపు గ్రూప్ అయితే మంచి వెలుగులో మనుషుల సంఖ్యని 3తో భాగించండి, వెలుగు తక్కువైతే 2తో, అన్ని ఫోటోలు తీస్తే కనీసం ఒక దాంట్లో అందరి కళ్లూ తెరిచి ఉండే అవకాశం బాగా ఉంటుంది. అంటే 12 మందికి పగలు 4, చీకట్లో 6. చూశారా, ఇక్కడ కూడా వెలుగు తగ్గితే టైం పెరుగుతుంది.

జంట ఫోటోలకి 30 నుంచి 40 నిమిషాలు చాలు. మొదటి పది నిమిషాలు ఎవరికైనా బిగుసుకుపోయినట్టే ఉంటుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు, ఆ తర్వాతే మొహాలు విచ్చుకుంటాయి. అందుకే పదిహేను నిమిషాలే ఇస్తే మీకు వచ్చేవన్నీ ఆ బిగుసుకుపోయిన ఫోటోలే.

లేటయితే ముందు పోయేది ఏది. పెళ్లి లేటవ్వడం మామూలే, కాబట్టి అవుతుందనే అనుకుని ప్లాన్ చెయ్యాలి. తంతుని ఎవరూ తగ్గించరు, విందుని ఎవరూ తగ్గించరు, మధ్యలో ఉన్నదే నలిగిపోతుంది. మీ ఫోటోలు ఆ మధ్యలో ఉన్నాయా లేదా అని చూస్కోండి.

ఒంట్లో ఓపిక, మేకప్, బట్టలు. పొద్దున్న వేసిన మేకప్, జుట్టు సాయంత్రానికి అలాగే ఉండవు. కన్నీళ్లు, చెమట, వంద మంది కౌగిలింతలు, ఇవన్నీ మొహం మీద కనిపిస్తాయి.

వచ్చినవాళ్లు ఎంతసేపు ఎదురుచూడాలి. మీరు ఫోటోలు దిగుతుంటే మీకోసం వచ్చిన మనుషులు కూర్చుని ఉంటారు. అరగంట అయితే ఎవరూ పట్టించుకోరు, గంట దాటితే వెళ్లిపోవడం మొదలుపెడతారు.

## మొదటి దారి: తంతుకి ముందే

రెడీ అవ్వగానే ఇద్దరూ కలిసి, జంట ఫోటోలు, దగ్గరి కుటుంబం ఫోటోలు తీసేసుకుని, తర్వాత తంతుకి వెళ్లడం. ఇద్దరూ ఒకరినొకరు రెడీ అయ్యాక మొదటిసారి చూస్కునే క్షణాన్ని కూడా విడిగా, ఎవరూ లేని చోట పెట్టుకుంటారు, ఫస్ట్ లుక్ అంటున్నారు ఇప్పుడు.

దీంట్లో పెద్ద లాభం, మేకప్ తాజాగా ఉంటుంది, మనసు కూడా తాజాగా ఉంటుంది, తంతు ఎంత లేటయినా మీ ఫోటోలు అప్పటికే కార్డులో భద్రంగా ఉంటాయి. తంతు అవ్వగానే మీ వాళ్లతో మీరు కలిసిపోవచ్చు. కంగారుపడే మనుషులకైతే ఇది మందులా పనిచేస్తుంది, ఆ అరగంట ఇద్దరే మాట్లాడుకున్నాక తంతులో చేతులు వణకడం తగ్గిందని నాతో చెప్పినవాళ్లు ఉన్నారు.

నష్టాలూ ఉన్నాయి. ఒకటి, పొద్దున్న రెండు గంటలు ముందు లేవాలి, ఒక్కళ్లే కాదు, మేకప్ చేసేవాళ్లు, అమ్మానాన్నలు, ఫోటోలో ఉండాల్సిన ప్రతీవాళ్లూ ముందే రెడీ అవ్వాలి, ఇక్కడే ఈ ప్లాన్లు ఎక్కువగా విరిగిపోతాయి. పెళ్లివాళ్లిద్దరూ టైంకే ఉంటారు, అన్నయ్య ఇంకా స్నానానికి వెళ్లలేదు. రెండోది వెలుగు. తంతు మధ్యాహ్నం మూడింటికి అయితే ఈ ఫోటోలు ఒంటిగంటకి, అంటే నడినెత్తి ఎండలో పడతాయి, చెట్ల నీడో వరండానో బిల్డింగ్ నీడ పడే పక్కో ముందే చూసి పెట్టుకోవాలి. చెట్టు నీడలో కూడా ఆకుల మధ్య నుంచి చుక్కలు చుక్కలుగా ఎండ మొహం మీద పడుతుంటే అది నీడ కిందకి రాదు, ఇంకొంచెం లోపలికి జరగండి. మూడోది మనసుకి సంబంధించింది. తంతులోనే మొదటిసారి చూస్కోవాలి, అందరి ముందూ ఆ మొహంలో వచ్చే మార్పు కావాలి అని మీకు లోపల గట్టిగా ఉంటే ఈ దారి వద్దు. ఫోటోగ్రాఫర్‌కి వీలుగా ఉంటుందని ఒప్పుకోకండి. ఆ కోరిక చిన్నది కాదు.

## రెండో దారి: తంతుకి, రిసెప్షన్‌కి మధ్యలో

ఎక్కువమంది ఆలోచించకుండా ఎంచుకునేది ఇది. తంతు అయిపోయింది, మనుషులంతా అక్కడే ఉన్నారు, వరసగా పిలిచి గ్రూపులు తీసేయొచ్చు. మొహాల్లో భారం దిగిపోయిన సంతోషం ఉంటుంది, పెళ్లి అయిపోయిందన్న ఆ నవ్వు ముందు తీసిన ఫోటోల్లో రాదు, ఇది నేను ఒప్పుకోవాలి. తంతు మధ్యాహ్నం పూట ఉంటే వెలుగు కూడా గంట గంటకీ మెత్తబడుతూ వస్తుంది.

కష్టం ఏంటంటే ఇందాక చెప్పిన నలిగిపోయే మధ్యభాగం ఇదే. మాటలతో చెప్తే అర్థం కాదు, లెక్క వేసి చూద్దాం. సూర్యాస్తమయం 6:00కి, తంతు 3:00 నుంచి 4:00 దాకా, రిసెప్షన్ 6:30కి అనుకోండి.

| టైం | తంతు తర్వాతే అన్నీ తీస్తే | తంతుకి ముందు కొన్ని తీసేస్తే |
|---|---|---|
| 1:00 – 1:40 | రెడీ అవుతుంటారు | జంట ఫోటోలు నీడలో |
| 1:40 – 2:10 | రెడీ అవుతుంటారు | దగ్గరి కుటుంబం, 10 గ్రూపులు |
| 2:10 – 3:00 | బయల్దేరడం | నీళ్లు, టచప్, కాసేపు కూర్చోవడం |
| 3:00 – 4:00 | తంతు | తంతు |
| 4:00 – 4:15 | పలకరింపులు | పలకరింపులు |
| 4:15 – 4:30 | అందరితో పెద్ద గ్రూప్ | అందరితో పెద్ద గ్రూప్ |
| 4:30 – 5:15 | 15 గ్రూపులు | మిగిలిన 5 గ్రూపులు, తర్వాత ఖాళీ |
| 5:15 – 5:55 | జంట ఫోటోలు | 5:30 నుంచి 20 నిమిషాలు జంట, సాయంత్రం ఎండలో |

ఇప్పుడు తంతు 40 నిమిషాలు లేటయిందనుకోండి. ఎడమవైపు ప్లాన్‌లో గ్రూపులు అయ్యేసరికి 5:55, సూర్యుడికి ఇంక 5 నిమిషాలే ఉంది, జంట ఫోటోలు మొత్తం పోయాయి. కుడివైపు ప్లాన్‌లో పెద్ద గ్రూపూ, మిగిలిన 5 గ్రూపులూ 5:25కి అయిపోతాయి, ఖాళీ పోయింది అంతే, సాయంత్రం 20 నిమిషాలు అలాగే ఉన్నాయి. ఒకే లేటు, ఒకే మనుషులు, ఒకే ఫోటోగ్రాఫర్.

అయినా మధ్యలోనే కావాలనుకుంటే రెండు పనులు చెయ్యండి. గ్రూపుల లిస్టు 15 దాటనివ్వకండి, మిగతావాళ్లతో రిసెప్షన్లో దిగొచ్చు. తంతు టైం సూర్యాస్తమయానికి కనీసం మూడున్నర గంటల ముందు మొదలయ్యేలా చూడండి, అది మీ చేతిలో లేకపోతే ఈ దారి ఎంచుకోకండి అనే నేను చెప్తాను.

## మూడో దారి: సాయంత్రం, లేదా అన్నీ అయ్యాక

దీంట్లో రెండు రకాలు కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చూడాలి.

ఒకటి, రిసెప్షన్ మధ్యలో సూర్యాస్తమయానికి కాస్త ముందు 15, 20 నిమిషాలు ఇద్దరూ బయటికి జారుకోవడం. ఇది నాకు చాలా ఇష్టం. అప్పటికి బిగుసుకుపోవడం అంతా పోయి ఉంటుంది, వెలుగు బాగుంటుంది, ఎవరూ పెద్దగా గమనించను కూడా గమనించరు. కానీ దీన్నే నమ్ముకుంటే మబ్బు పట్టిన రోజు మీ దగ్గర ఏమీ ఉండదు. వేరే దారికి తోడుగా పెట్టుకోవాలి. ఇంకా, ఆ టైంకి ప్రసంగాలో డాన్సో పెట్టకండి, రిసెప్షన్ నడిపించేవాళ్లకి "ఫలానా టైంకి వీళ్లిద్దరూ 20 నిమిషాలు ఉండరు" అని ముందే చెప్పి పెట్టండి. సూర్యుడు దిగిపోయినా వెంటనే ఇంటికి వెళ్లిపోకండి, ఆకాశం నీలంగా మారే కాసేపు, దీపాలు వెలిగి ఉంటే, జంట ఫోటోకి అద్భుతంగా ఉంటుంది.

రెండోది, నిజంగా అన్నీ అయ్యాక రాత్రి తీసుకోవడం. తంతే రాత్రి పూట అయితే వేరే దారి ఉండదు, అప్పుడు ఫోటోగ్రాఫర్ దగ్గర స్టాండ్ మీద పెట్టే లైట్లు ఉన్నాయా, రాత్రి పూట తీసిన ఒక మొత్తం పెళ్లి ఫోటోలు చూపించగలరా అని అడగండి, ఎంపిక చేసిన పది ఫోటోలు చాలవు. హాల్లో ఎల్ఈడీ లైట్లు కూడా చూడమనండి, కొన్ని చవక ఎల్ఈడీలు కరెంటుతోపాటు సెకనుకి 100 సార్లో 120 సార్లో మినుక్కుమంటాయి, కంటికి తెలీదు కానీ ఫోటోల్లో అడ్డంగా చారలు పడతాయి. మొహాల మీద స్టేజి లైట్ల గులాబీ, నీలం రంగులు పడితే తర్వాత ఎడిటింగ్‌లో కూడా పూర్తిగా సరిచెయ్యలేరు, కాబట్టి గ్రూప్ ఫోటోలు తీసే పావుగంట అరగంట మాత్రం తెల్ల లైట్లు పెట్టమని డెకరేషన్ వాళ్లకి చెప్పాలి. తంతు పగలే అయిపోయి ఉంటే మాత్రం రాత్రిదాకా ఆగడం ఎందుకో నాకు అర్థం కాదు, పెద్దవాళ్లు వెళ్లిపోతారు, పిల్లలు నిద్రపోతారు, మీ కాళ్లు నొప్పులు.

## నాలుగో దారి: ఇంకో రోజు

పెళ్లికి ముందో తర్వాతో ఒక రోజు మళ్లీ అవే బట్టలు వేస్కుని తీయించుకోవడం. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటారు, నిజానికి పాతదే. 19వ శతాబ్దంలో కెమెరాలు బరువుగా ఉండేవి, ప్లేట్ల మీద బొమ్మ పడటానికి ఎక్కువ వెలుగు, ఎక్కువసేపు కావాల్సొచ్చేది, ఫ్లాష్ బల్బులు అమ్మకానికి వచ్చిందే 1930 ప్రాంతంలో. అందుకే అప్పటి జంటలు పెళ్లి బట్టల్లో స్టూడియోకి వెళ్లి ఒకటో రెండో ఫోటోలు దిగి వచ్చేవాళ్లు.

లాభం తెలిసిందే, తొందర లేదు, వాన పడితే వాయిదా వేస్కోవచ్చు, కావాలంటే సూర్యోదయానికి వెళ్లొచ్చు, అప్పుడు వెలుగూ బాగుంటుంది, చుట్టూ జనమూ ఉండరు. పెళ్లి రోజంతా మీరు మీ మనుషుల మధ్యే ఉండొచ్చు. పెళ్లికి ముందే తీయించుకుంటే ఫోటోగ్రాఫర్‌తో చనువు వస్తుంది, ఏ వైపు మొహం బాగా వస్తుందో వాళ్లకీ తెలుస్తుంది.

కానీ మేకప్, జుట్టు రెండోసారి, ఫోటోగ్రాఫర్ ఖర్చు రెండోసారి, ఇద్దరి సెలవులు రెండోసారి. కుటుంబం ఫోటోలకి ఇది అసలు పనికిరాదు, దూరం నుంచి వచ్చినవాళ్లు మళ్లీ రారు. ఇంకోటి, "తర్వాత తీస్కుందాం" అని పెళ్లి రోజు జంట ఫోటోలు పూర్తిగా మానేసినవాళ్లలో ఆ తర్వాత అసలు తీయించుకోనివాళ్లు నాకు తెలిసే కొంతమంది ఉన్నారు, ఉద్యోగాలు, ప్రయాణాలు, రోజులు గడిచిపోతాయి. అందుకే ఇంకో రోజు అనుకుంటే ఆ తేదీ పెళ్లికి ముందే ఖాయం చేస్కోండి, పెళ్లి రోజు కూడా ఒక పది నిమిషాలు జంట ఫోటోలకి ఉంచుకోండి.

## ఒకచోట పెట్టి చూస్తే

| | తంతుకి ముందు | మధ్యలో | సాయంత్రం జారుకోవడం | ఇంకో రోజు |
|---|---|---|---|---|
| వెలుగు | మధ్యాహ్నమైతే గట్టి ఎండ, నీడ కావాలి | తంతు టైం బట్టి | మబ్బు లేకపోతే చాలా బాగుంటుంది | మీ ఇష్టం |
| లేటు తట్టుకోవడం | బాగా తట్టుకుంటుంది | అస్సలు తట్టుకోదు | కొంతవరకు | సంబంధం లేదు |
| పొద్దున్న తొందర | ఎక్కువ | తక్కువ | తక్కువ | లేదు |
| గ్రూప్ ఫోటోలు | దగ్గరివాళ్లతో మాత్రమే | అందరితో | కుదరదు | కుదరదు |
| వచ్చినవాళ్ల ఎదురుచూపు | ఉండదు | 45 నిమిషాల నుంచి గంటంపావు | 20 నిమిషాలు | ఉండదు |
| అదనపు ఖర్చు | కొన్ని గంటలు ఎక్కువ | ఉండదు | ఉండదు | దాదాపు రెట్టింపు |

## మరి మీకు ఏది

చలికాలం పెళ్లి, పొద్దు తొందరగా గూకే చోటు అయితే ఆలోచించక్కర్లేదు, తంతుకి ముందే. వేసవిలో పొద్దు ఎక్కువసేపు ఉండే చోట అయితే మధ్యలో పెట్టుకోవచ్చు, సాయంత్రం ఒక 20 నిమిషాలు తోడు ఉంచుకోండి.

పెద్ద కుటుంబం, అటూ ఇటూ కలిపి గ్రూపులే ముప్పై వచ్చేలా ఉంటే అన్నీ ఒకేచోట పెట్టకండి. అమ్మానాన్నలు, తోబుట్టువులు, తాతలు అమ్మమ్మలు తంతుకి ముందు, మిగతా బంధువులు తంతు అయ్యాక, స్నేహితులు రిసెప్షన్లో. ఇలా మూడు ముక్కలు చేస్తే ఎవరూ విసుక్కోరు.

ఇంట్లో బాగా పెద్దవాళ్లో ఒంట్లో బాలేనివాళ్లో ఉంటే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి వాళ్ల ఫోటో మొదట తీయండి, వాళ్లు కూర్చున్న కుర్చీ దగ్గరికే మీరు వెళ్లండి. దీని గురించి నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే కొన్నేళ్ల తర్వాత నాకు ఫోన్ చేసి "ఆ రోజు మా తాతతో ఉన్న ఫోటో ఇంకేమైనా ఉందా" అని అడిగినవాళ్లే ఎక్కువ, సూర్యాస్తమయం ఫోటో ఇంకోటి ఉందా అని ఎవరూ అడగలేదు.

చిన్నపిల్లలు ఉంటే వాళ్ల నిద్ర టైంకి అటూ ఇటూ పెట్టండి, లిస్టులో వాళ్లున్న గ్రూపులు ముందు.

కెమెరా అంటే సిగ్గుపడే ఇద్దరైతే ఇంకో రోజు, అది కూడా పెళ్లికి ముందు. ఒక గంట ఫోటోగ్రాఫర్‌తో తిరిగితే పెళ్లి రోజుకి ఆ మనిషి తెలిసినవాడైపోతాడు, ఇంక పెళ్లి రోజు పది నిమిషాలు చాలు. పెళ్లి రోజు నా మనుషులతోనే ఉండాలి, ఫోటోలు వచ్చినన్ని వస్తాయి అనుకునేవాళ్లకి కూడా ఇదే.

తంతులోనే మొదటిసారి చూస్కోవాలన్న కోరిక ఉన్నవాళ్లు ఇద్దరి కుటుంబాల ఫోటోలు విడివిడిగా తంతుకి ముందే తీయించేసుకోవచ్చు, అటు అమ్మాయి వైపు, ఇటు అబ్బాయి వైపు. సగం గ్రూపులు అప్పుడే అయిపోతాయి, తంతు తర్వాత అరగంట మిగులుతుంది, ఆ కోరికా తీరుతుంది.

## ఒక ఫోటోగ్రాఫరా, ఇద్దరా

ఇది కూడా టైంతో ముడిపడిన విషయమే కాబట్టి క్లుప్తంగా. పెళ్లివాళ్లిద్దరూ వేర్వేరు చోట్ల రెడీ అవుతుంటే, లేదా తంతులో వాళ్లిద్దరి మొహాలూ ఒకేసారి కావాలంటే, ఇద్దరు ఫోటోగ్రాఫర్లు కావాలి, ఒక్క మనిషి రెండు చోట్ల ఉండలేడు. ఒకే ఇంట్లో, యాభై మంది లోపు చిన్న పెళ్లికి ఒకరు సరిపోతారు. డబ్బు ఒకదానికే ఉంది, రెండో ఫోటోగ్రాఫరా ఇంకో రెండు గంటలా అని అడిగితే, వచ్చేవాళ్లు ఎక్కువైతే రెండో మనిషి, తక్కువైతే రెండు గంటలు. గంటలు ఎక్కడ తగ్గించాలో తెలియకపోతే చివర్లో తగ్గించండి, డాన్సులు మొదలైన అరగంట తర్వాత తీసే ఫోటోలన్నీ ఒకలాగే ఉంటాయి.

ఎవర్ని పెట్టుకున్నా అడగాల్సినవి కొన్ని. కెమెరాలో ఒకేసారి రెండు కార్డుల్లోకి ఎక్కుతుందా, ఆ రాత్రికే ఫైల్స్ ఇంకోచోట కాపీ చేస్తారా, మీకు ఒంట్లో బాలేకపోతే ఎవరు వస్తారు, లేటయితే అదనపు గంటకి ఎంత. కాపీల విషయంలో మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి వేరే చోట అనేది పాత పద్ధతి, అది పాటించేవాళ్లయితే మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

రెడీ అయ్యే గది కూడా ముందే చూడండి, కిటికీ ఉన్న గది తీస్కుని మేకప్ కుర్చీ కిటికీ పక్కన వేయించి గదిలో బల్బులు ఆపేయండి. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్, పసుపు వెలుగు బల్బు 3000 దగ్గర, రెండూ కలిస్తే మొహం ఒక పక్క నీలంగా ఒక పక్క పసుపుగా వస్తుంది. ఒక్క స్విచ్ ఆపితే పోయే సమస్య ఇది.

ఇంక లిస్టు. గ్రూపులన్నీ పేర్లతో సహా రాసి, దాన్ని రెండు వైపులా అందరి మొహాలూ తెలిసిన, గొంతు గట్టిగా ఉన్న ఒక మనిషికి ఇవ్వండి, పెళ్లివాళ్లకి వద్దు, అమ్మానాన్నలకీ వద్దు, వాళ్లకి ఆ రోజు వేరే పనులుంటాయి. ఒక గ్రూప్ తీస్తుంటే తర్వాత గ్రూప్‌ని పక్కన నిలబెట్టి ఉంచడమే వాళ్ల పని. ఫోటోలో ఉండాల్సినవాళ్లకి టైం చెప్పేటప్పుడు పదిహేను నిమిషాలు ముందే చెప్పండి, 1:40కి అయితే 1:25 అని, అది కూడా ముందు రోజు రాత్రి మెసేజ్ పెట్టి, పొద్దున్న ఇంకోసారి ఫోన్ చేసి.

వాన వస్తే ఏ వరండాలో తీస్తామో కూడా అదే కాగితం కింద రాయించండి.